అవిభాజ్య వాటా

మా ఫ్లాటు దస్తావేజులో ఒక మాట ఉంది: "42 చదరపు గజాల అవిభాజ్య స్థలపు వాటా." రిజిస్ట్రేషన్ రోజున డాక్యుమెంట్ రైటర్‌ను అడిగాను, ఆ 42 గజాలూ ఎక్కడున్నాయి బాబూ అని. కళ్లజోడు పైనుంచి నన్నోసారి చూసి, "ఫలానా చోట అని ఉండదు సార్, అంతటా ఉంటది" అన్నాడు. హిరణ్యకశిపుడికి ప్రహ్లాదుడు చెప్పిన జవాబు ఇదే కదా అనుకుని, మనసులో ఓ నమస్కారం పెట్టుకుని సంతకం చేశాను. ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, ఆ గజాలు మామూలు రోజుల్లో ఎక్కడా కనబడవు. పండగ దగ్గర పడగానే క్లబ్ హౌస్ హాలు నట్టనడుమ, స్తంభంలోంచి నరసింహస్వామి వచ్చినట్టు, ప్రత్యక్షమవుతాయి. 220 ఇళ్లవాళ్ల గజాలూ సరిగ్గా అదే చోట ప్రత్యక్షమవడం మా కాంప్లెక్సు మహత్యం.

బిల్డర్ బ్రోషర్లో దాని పేరు మల్టీపర్పస్ హాల్. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, మూలన ఒక పింగ్‌పాంగ్ బల్ల. బల్ల నెట్టు మొదటి వినాయక చవితికే మామిడాకుల తోరణానికి తాడైపోయింది. పిల్లలు మధ్యలో ఇటుకలు పేర్చుకుని ఆడుకున్నారు. రెండో చవితికి ఆ ఇటుకలు హోమగుండమయ్యాయి. మూడో ఏడు బల్లే మాయమైంది. ప్రసాదాల దగ్గర, పులిహోర గంగాళం కింద, తెల్లగీత చూసి గుర్తుపట్టాను. పిల్లలు మాత్రం అడగడం మానేశారు. వాళ్లకు దస్తావేజు లేదు.

మా కమిటీ లెక్కలో పండగలు మూడు రకాలు. మొదటిది సంప్రదాయం, రెండోది ప్రోగ్రామ్, మూడోది ఇష్యూ. సంప్రదాయానికి అనుమతి అక్కర్లేదు, అది తనంతట తానే మోగుతుంది. ప్రోగ్రామ్‌కు దరఖాస్తు కావాలి, డిపాజిట్ కావాలి, ఊడ్చి అప్పగిస్తామన్న హామీపత్రం కావాలి. ఇష్యూకు జనరల్ బాడీ కావాలి. జనరల్ బాడీకి కోరం కావాలి. కోరం ఏనాడూ ఉండదు కనుక వాయిదా పడుతుంది. వాయిదా గడువు తీరేలోగా ఆ పండగ తన దారిన తాను వెళ్లిపోతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ కాదనలేదు, గమనించాలి. మాది ఎంతో కలుపుగోలు కమ్యూనిటీ అని గేటు దగ్గర బోర్డు కూడా ఉంది.

ఏడేళ్ల కట్టడంలో సంప్రదాయం ఎక్కడిదని అడగకండి. లిఫ్టు కంపెనీతో మెయింటెనెన్స్ ఒప్పందం కంటే మా చవితి సంప్రదాయం ఒక ఏడాది చిన్నది. అయినా దానికి పురాణాలంత వయసుందని మా సెక్రటరీగారు నమ్ముతారు. నిజానికి బజారు మండపాలకు ఊపు తెచ్చింది 1893లో పుణెలో తిలక్. ఇళ్లలో ఉన్న దేవుణ్ణి వీధిలోకి తెచ్చి, ఎవరి గడపలో వాళ్లుండే జనాన్ని ఒక పందిరి కిందకు చేర్చాలని ఆయన తాపత్రయం. మేమా ఉద్యమాన్ని ఇంకో మలుపు తిప్పాం. వీధిలోని దేవుణ్ణి పట్టుకొచ్చి, బయోమెట్రిక్ గేటు దాటించి, ఓనర్లకు మాత్రమే అని రాసి కూర్చోబెట్టాం. మా ఎదురు బస్తీ జనం దర్శనానికి వస్తే సెక్యూరిటీ కుర్రాడు అడుగుతాడు: "ఏ ఫ్లాటు? ఎవరు రమ్మన్నరు?" వినాయకుడు పిలిచాడంటే యాప్‌లో ఆయన ఫ్లాటు నంబరు లేదు.

పైగా విగ్రహం పెరుగుతోంది. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగుతో మొదలై 2024లో 70 అడుగులు నిలబడ్డాడు. ఆ ఒరవడి మాకూ అంటింది. ఖైరతాబాద్‌లో నెత్తిన ఆకాశం ఉంది, మా హాలు తలుపు ఏడడుగులు. నాలుగో ఏడు ఎనిమిదడుగుల స్వామిని కొనితెచ్చి, తలుపు చట్రం ఊడగొట్టి లోపల పెట్టారు. ఆ చట్రం ఖర్చు 'సివిల్ రిపేర్లు' పద్దులో చేరింది. ఏకదంతుడి రెండో దంతం కథ అందరికీ తెలిసిందే. మా తలుపు రెండో రెక్క ఎటుపోయిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఓణానికి వద్దాం. కేరళవాళ్లవి నాలుగిళ్లు. లాబీలో ఆరడుగుల పూక్కళం, అంటే పూలముగ్గు, వేసుకుంటామని అడిగారు. అది ప్రోగ్రామ్ కోవలోకి వచ్చింది. సబ్ కమిటీలో గంటసేపు చర్చ నడిచింది. పూలు వాడాక ఎవరు ఊడుస్తారు? ఎవరైనా కాలు జారి పడితే బాధ్యులెవరు? చవితి తొమ్మిది రోజుల పత్రి, అక్షింతలు, అగరుబత్తి పుల్లలు, కాగితం ప్లేట్లు ఎవరు ఊడ్చారన్న ప్రశ్న మాత్రం ఏ మినిట్స్‌లోనూ లేదు. అవీ ఇవీ ఊడ్చింది వాచ్‌మన్ భార్యే. ఆమెది పాలమూరు. ఆమె మళ్లీ వస్తుంది ఈ కథలోకి.

క్రిస్మస్ చెట్టు గొడవ ఇంతకంటే సొగసైనది. మూడిళ్లవాళ్లు లాబీలో చెట్టు పెడతామన్నారు. చెట్టుకు అభ్యంతరం లేదు, దాని మీద నక్షత్రం మతపరం అన్నారొకరు. నక్షత్రం తీసేస్తే చెట్టు మీద అభ్యంతరం లేదు గానీ దాని పేరు మతపరం అన్నారు ఇంకొకరు. 'ఇయర్ ఎండ్ ట్రీ' అందామన్నారు. అప్పుడు లేచారు మా 302 రిటైర్డ్ ఇంజినీరుగారు. ఆయన కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు కనుక అమెరికా రాజ్యాంగం ఆయనకు కొట్టిన పిండి. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ అనే ఊరు ఏటా క్రిస్మస్‌కు పెట్టే బొమ్మల కొలువులో బాలయేసు తొట్టెల కూడా ఉండేది. ప్రభుత్వం మతాన్ని నెత్తికెత్తుకుంటోందని కేసు పడితే, 1984లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుకు నలుగురి తీర్పుతో ఆ తొట్టెలను ఉండనిచ్చింది. చుట్టూ శాంటా ఇల్లు, బండి లాగే రెయిన్‌డీర్లు ఉన్నాయి కదా, మొత్తం మీద అది పండగ సంబరమేనంది. అదే 1989లో పిట్స్‌బర్గ్ కోర్టు భవనం మెట్ల మీద తొట్టెల ఒంటరిగా కనబడేసరికి కుదరదంది. అక్కడి లాయర్లు దీన్ని రెయిన్‌డీర్ సూత్రమని ఎకసెక్కం చేస్తారట. మా ఇంజినీరుగారు మాత్రం ఎకసెక్కం చేయలేదు. "పక్కన ఒక జంతువుంటే చాలు, లీగల్‌గా సేఫ్" అని తేల్చారు. రెయిన్‌డీర్ దొరకలేదు. చవితి అలంకరణల్లో మిగిలిన ప్లాస్టిక్ ఏనుగును తెచ్చి చెట్టు పక్కన నిలబెట్టారు. ఆ ఏడాది మా లాబీలో యేసు జననానికి గజేంద్రుడు సాక్షి.

ఇక ఇఫ్తార్. అది పుట్టుకతోనే ఇష్యూ. నాలుగు కుటుంబాలు ఒక సాయంత్రం హాలు అడిగాయి. హాల్లో మాంసాహారం నిషిద్ధం అని జవాబొచ్చింది. ఖర్జూరాలు, పళ్లు, పకోడీలు మాత్రమేనని రాశారు. ఆ వేళకు పిల్లల కరాటే క్లాసుందని ఇంకో జవాబు. అంతకు రెండు నెలల ముందే ట్రెజరర్‌గారబ్బాయి పుట్టినరోజుకు అదే హాల్లో మటన్ బిర్యానీ తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కరాటే క్లాసు ఆ రోజు గుర్తుకు రాలేదు. చివరికి బాడ్మింటన్ కోర్టిచ్చారు. సుబ్బరంగా జరిగింది, సబ్ కమిటీ మొత్తం వెళ్లి కడుపునిండా తిని, మర్నాడు కోర్టు మీద నూనె మరకలని ఫొటోలు గ్రూపులో పెట్టింది. అయితే కోర్టు దక్కినవాళ్లూ తక్కువేం తినలేదు. కొద్ది రోజులకే అక్కడ శ్రీరామనవమి పానకం పంచుతామంటే, నేల జిగటవుతుందని మొదటి ఉత్తరం వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. కోర్టు అలవాటైతే ఎవరికైనా కోర్టు పక్షి లక్షణాలొస్తాయి.

దేవుడే లేడనే పెద్దాయన ఒకరున్నారు, నాలుగో అంతస్తులో. ఈయనన్నా నెమ్మదిగా ఉంటారనుకున్నాం. దేవుళ్లందరికీ కలిపి హాలు ఏడాదికి 40 రోజులు పోతోంది కనుక దేవుడు లేడనడానికి కూడా 40 రోజులు ఇవ్వాలని దరఖాస్తు పెట్టారు. లేనివాడి వాటా అవిభాజ్యమా కాదా అన్నది ఇంకా పెండింగ్.

నన్ను నేను వదలను. చవితికి సెల్లార్లో వంటల పందిరి వేస్తాం, పదకొండు రోజులు మీ కారు తీయండి అన్నారు. ఒక ముంబై సొసైటీ కేసులో 2010లో సుప్రీంకోర్టు స్టిల్టు పార్కింగ్ ఉమ్మడి స్థలమేనని, బిల్డర్ దాన్ని విడిగా అమ్ముకోవడానికి లేదని చెప్పింది. ఆ తీర్పు గురించి ఇలాంటి వ్యాసమే ఒకటి రాసి, ఉమ్మడి స్ఫూర్తి అంటూ నాలుగు కన్నీటి చుక్కలు రాల్చినవాణ్ణి నేను. అయినా కారు తీయలేదు. పైగా గొలుసు కట్టి తాళం వేశాను. నా ఉమ్మడి స్థలం జోలికి వస్తే ఊరుకుంటానా!

శబ్దం సంగతికొస్తే, మాకు డెసిబెల్ బాబాయిగారున్నారు. ఫోన్‌లో మీటర్ యాప్ వేసుకుని తిరుగుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆయనకు విష్ణు సహస్రనామంలాగా కంఠతా వచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు బంద్. డిసెంబర్లో పిల్లలు గిటారు పట్టుకుని కేరల్స్ పాడితే లిఫ్టు దగ్గర నిలబడి 58 అని రాసుకున్నారు. బిహార్ వాళ్ల ఛట్ పండగ డోలక్ 61. నవరాత్రుల దాండియా అయితే పరీక్షల సీజన్ అని ఆపించారు. ఏ పరీక్షలని అడగకూడదు, ఈ దేశంలో ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష జరుగుతూనే ఉంటుంది. మరి చవితి నిమజ్జనం రోజు డీజే వచ్చి, అద్దాలు వణికి, మా బాల్కనీ తులసికోటలో మట్టి కదిలిందే, ఆ రోజు బాబాయిగారి మీటరెక్కడ? "ఛార్జింగ్‌లో పెట్టానయ్యా" అన్నారు. ఆ మాట అన్నది నాకు వినబడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. ఏడాదికి 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఆ 15 రోజులూ తన ఇంటి క్యాలెండర్‌లోనే పడతాయని బాబాయిగారి గట్టి నమ్మకం.

ఈత కొలను కథ చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. నాలుగో ఏడే పర్యావరణ స్పృహ పొంగి, పెద్ద స్వామి చెరువుకు వెళ్లినా చిన్న మట్టి గణపతులను మనమే నిమజ్జనం చేసుకుందామని, పిల్లల కొలనులో 31 విగ్రహాలు వేశారు. మట్టి కరిగింది, పత్రి తేలింది, ఫిల్టర్ మోటార్ చచ్చింది. కార్పస్ ఫండ్ నుంచి కొత్తది కొన్నారు. కార్తికంలో బిహార్ కుటుంబాలు ఛట్‌కు పొద్దు వాలే వేళ ఒకసారి, పొద్దు పొడిచే వేళ ఒకసారి అదే కొలనులో మోకాలి లోతున నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చుకుంటామన్నారు. సెక్రటరీగారి జవాబు అక్షరాలా గుర్తుంది: "క్షమించాలి, కొలను నీళ్ల నాణ్యత విషయంలో కమిటీ రాజీ పడదు." వాళ్లు టెర్రస్ మీద గాలి నింపే రబ్బరు తొట్టి పెట్టుకుని, అందులో నిలబడి అర్ఘ్యం ఇచ్చారు. సూర్యుడికేం అభ్యంతరం లేకపోయింది. టెర్రస్ కూడా ఉమ్మడే, ముందస్తు అనుమతి తీసుకోలేదని కమిటీ నోటీసిచ్చింది.

ఇంత తగువు ఎందుకొస్తోంది, స్థలం చాలకనా అంటే, బయటి ఊరు చూడండి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చిపడ్డాయి. హైదరాబాద్‌లో ఆ రెండూ ఒకే రోజు రోడ్డెక్కితే ఏమవుతుందో పోలీసుల నుంచి పానీపూరీవాడి దాకా అందరికీ తెలుసు. పెద్దలు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు. మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి జరుపుకున్నారు. 2024లో మళ్లీ ఒకదానికొకటి ఆనుకుని వస్తే మళ్లీ జరుపుకున్నారు. కోటి మంది మసలే నగరం రెండు ఊరేగింపులకు దారి చూసుకుంది. మేం 2,400 చదరపు అడుగుల హాలుకు దారి చూడలేక ఇద్దరు లాయర్లను పెట్టుకున్నాం. వాళ్ల ఫీజు మెయింటెనెన్స్‌లో కలిసింది. మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటగానే మాలాంటి పెద్ద సొసైటీలకు 18 శాతం జీఎస్టీ పడుతుంది కనుక, మా తగువు మీద కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా అవిభాజ్య వాటా వెళుతోంది.

సెక్రటరీగారి ఫైల్లో ఇంకో రెండు కాగితాలున్నాయి. 2022 ఆగస్టు 30, చవితికి ముందు రోజు. బెంగళూరు చామరాజపేట ఈద్గా మైదానంలో యథాతథ స్థితి ఉంచమని సుప్రీంకోర్టు చెప్పింది. అదే రాత్రి హుబ్బళ్లి ఈద్గా మైదానంలో మండపానికి కర్ణాటక హైకోర్టు అడ్డు చెప్పలేదు. రెండింటి మధ్య తేడా నేల ఎవరిదన్న వివాదంలో ఉంది. ఆ తేడాతో మా సెక్రటరీగారికి పని లేదు. ఎవరికి వద్దనాలో వాళ్లకు చామరాజపేట చూపిస్తారు, ఎవరికి ఇవ్వాలో వాళ్లకు హుబ్బళ్లి చూపిస్తారు. న్యాయదేవత రెండు చేతుల్లోనూ ఏదో ఒకటి పెట్టుకుని ఉండటం ఎంత సౌకర్యమో ఈ ఫైలు చూశాకే తెలిసింది.

లడ్డూ వేలం గురించి కొంచెం. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయి, 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. ఆ సొమ్ము ఊరి పనులకు వాడతామని అక్కడివాళ్లు చెబుతారు. మా లడ్డూ లక్షా పదహారు వేలకు పోయింది. పాడినాయన మెయింటెనెన్స్ ఎనిమిది నెలలుగా బాకీ. ఆయన్ను నెత్తిన గులాల్ పోసి ఊరేగించారు, శాలువా కప్పారు. ఏడాది తిరిగినా రూపాయి రాలేదు. అడిగితే, "దేవుడి బాకీ దేవుడికీ నాకూ మధ్య విషయం" అన్నారు. వచ్చే ఎన్నికల్లో ట్రెజరర్‌గా నిలబడుతున్నారట.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. మా గొర్రె చావలేదు, చదరపు అడుగుకు నాలుగు రూపాయల చొప్పున మేపుతున్నాం, దున్నపోతంత అయింది. ఉన్ని ఎవరు గొరగాలన్న దగ్గరే తేడాలు.

బతుకమ్మ దగ్గరికి వచ్చేసరికి సంప్రదాయం ముదిరి ఈవెంట్ అయింది. ఎంగిలిపూల నాడు మొదలైంది, లాన్‌లో ఎల్ఈడీ తెర, డీజే, అతిథులకు 300 రూపాయల చేతిపట్టీ. అతి పొడుగైన బతుకమ్మకు బహుమతి పెట్టారు. దాంతో ఒకరు అద్దెకు దొరికే థర్మోకోల్ బతుకమ్మను తెచ్చి, చుట్టూ ప్లాస్టిక్ బంతిపూలు అంటించి గెలిచారు. దాన్ని నీళ్లలో కలపడం కుదరదు కనుక తిరిగిచ్చి డిపాజిట్ వెనక్కి తెచ్చుకున్నారు.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు వాచ్‌మన్ భార్య, ఇళ్లలో పనిచేసే మరో పదిహేను మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని సెక్రటరీగారి దగ్గరికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, నా కారు గొలుసు జరిమానా కట్టడానికి.

"మేం యాడ ఆడాలె సారూ? ఊర్ల అయితే చెరువుకట్ట మీద ఆడుదుము. ఈడ లాన్ల ఒక్క గంట ఇయ్యుండ్రి. అందరి జాగ అంటరు గదా, అందరంటే మేం గూడ ఉంటమేమో అనుకున్నం."

సెక్రటరీగారు మెత్తగా నవ్వారు. "అందరిదీ అంటే ఓనర్లందరిదీ అమ్మా. మీరు ఆడుకోవద్దని నేననను. కానీ రూలుంది. సర్వీస్ స్టాఫ్ ఆరు తర్వాత లోపల ఉండకూడదు."

"ఆరు తర్వాత గిన్నెలు గడగవడ్తిమి గద సారూ, గప్పుడు ఈ రూలు లేకపాయె!"

దానికి సెక్రటరీగారి దగ్గర తీర్పు కాగితమేదీ లేదు. ఫోన్ మోగినట్టు నటించారు.

సద్దుల రోజు సాయంత్రం ఆ ఆడవాళ్లు గేటు బయట, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న కాస్త జాగాను నీళ్లు చల్లి ఊడ్చుకున్నారు. గుడిమల్కాపూర్ నుంచి బంతి, చామంతి, ఔటర్ రింగు రోడ్డు పక్కనుంచి తంగేడు, గునుగు తెచ్చుకున్నారట. స్టీలు తాంబాళాల్లో మూడు బతుకమ్మలు, పైన పసుపు గౌరమ్మ, గుమ్మడి పువ్వు. లోపల డీజే మోగుతోంది. ఎనిమిదింటికి ఎల్ఈడీ తెర, డీజే, లాన్ లైట్లు అన్నీ ఒకే ఫేజు మీద ఉన్నట్టున్నాయి, బ్రేకర్ పడిపోయింది. చీకట్లో బయటి నుంచి చప్పట్లు, ఉయ్యాల పాట వినబడ్డాయి. మొదట మా పక్కింటి మామ్మగారు చెప్పులు వదిలి గేటు దాటారు. ఆమె వెనక కోడలు. తర్వాత లైనుగా పట్టుచీరలు. ఓణం కేరళ ఆవిడ, కోర్టు నేల జిగటవుతుందని ఉత్తరం పెట్టిన ఆవిడ, పిల్లలు. కరెంటు వచ్చేసరికి లాన్‌లో డీజే కుర్రాడూ సబ్ కమిటీ మాత్రమే మిగిలారు. నేను మూడో అంతస్తు బాల్కనీ నుంచి చూశాను. ఆ సంతలో నా కారు గీసుకుంటుందేమోనని ఓ కన్ను సెల్లార్ మీద వేసే చూశాను, అబద్ధం చెప్పను.

మర్నాడు పొద్దున లిఫ్టులో కొత్త నోటీసు అంటించి ఉంది:

"గేటు వెలుపల ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న స్థలానికి నిన్న విశేష ఆదరణ లభించినందుకు కమిటీ హర్షిస్తోంది. వచ్చే ఏడాది నుంచి సదరు స్థలాన్ని ముందస్తుగా బుక్ చేసుకోవలెను. డిపాజిట్ 2,000. ఓనర్లకు మాత్రమే. సద్దుల బతుకమ్మ తేదీని బి బ్లాకువారు ఇప్పటికే బుక్ చేసుకున్నారు."